ఆరు బ్యాటరీల్లో రెండు

ఎల్వుడ్ ట్రాస్క్ చెయ్యి పడ్డ గోల్ఫ్ బండి ఎక్కువ కాలం బతకదని రిటైరైనవాళ్ళ ఊరు హెరాన్ లేక్స్‌లో చెప్పుకునేవారు. మొదట నవ్వుతూ వచ్చి లైట్లు బిగిస్తాడట, హారన్ బిగిస్తాడట, రేడియో కావాలంటే అదీ బిగిస్తాడట. పైసా పుచ్చుకోడట. ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి బ్యాటరీలు పడుకుంటాయట. పట్నంలో బ్యాటరీల కొట్టు ఆయన బావమరిదిదేనట. ఈ మధ్యయితే ఈతకొలను దగ్గరా, చర్చి వెనకా, జనం బండ్లు ఆపి లోపలికి వెళ్ళగానే ఎక్కణ్ణుంచో వచ్చి సీట్లెత్తి చూస్తున్నాడట.

ఇంకో సంగతి గొంతు తగ్గించి చెప్పేవారు. ఆ మనిషి నడుస్తాడు. హెరాన్ లేక్స్‌లో పక్కింటికి పంచదార అడగడానికైనా బండెక్కే వెళ్తారు. అలాంటి చోట ఫ్లారిడా ఎండలో టోపీ పెట్టుకుని, గుడ్డ సంచి భుజాన వేసుకుని నడిచే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానమే.

ఈ మాటలన్నీ వెల్డా హాస్టెట్లర్ చెవిన వేసింది ట్రూడీ బ్లాంట్. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. మంగళవారం పేకాటలో ఒకే బల్ల.

"నీ బండికి లైట్లు బిగించింది ఎవరు?" అని అడిగింది ట్రూడీ, ముక్కలు పంచుతూ.

"ఆయనే. మూడేళ్ళయింది."

"నాకూ ఆయనే. అందుకే ఆగస్టులోనే సీటుకి తాళం వేయించా. నువ్వూ వేయించుకో తల్లీ. నీకసలే ఆ బండి తప్ప దిక్కు లేదు."

అది నిజమే. వెల్డా కారు నడపడం నేర్చుకోలేదు. ఒహాయోలో ఉన్నన్నాళ్ళూ భర్త లీలండే నడిపేవాడు. ఇప్పుడు లీలండ్‌కి తను ఎవరో తనకే గుర్తు లేదు. వేసవి చివర్లో అతన్ని, ఇలాంటివాళ్ళని చూసుకునే మాగ్నోలియా హౌస్‌లో చేర్చారు. ఇంటికి రెండు మైళ్ళు. హైవే కింద బండ్ల కోసం తవ్విన సొరంగం దాటి వెళ్ళాలి. సాయంత్రం అయిదింటికి అక్కడ రాత్రి భోజనం పెడతారు. వెల్డా తినిపిస్తేనే లీలండ్ నోరు తెరుస్తాడు. నర్సులు తినిపించబోతే పెదవులు బిగించేస్తాడు. సెప్టెంబరులో వెల్డాకి జ్వరమొచ్చి పది రోజులు వెళ్ళలేకపోతే అతనికి చొక్కా కాలరు వదులైపోయింది. నవంబరులో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. పొద్దు గుంకాక లైట్లు లేని బండిని దారి మీదకి రానివ్వరు. కాబట్టి వెల్డాకి బండీ కావాలి, లైట్లూ కావాలి. ఏ ఒక్కటి లేకపోయినా లీలండ్ కంచం అలాగే ఉండిపోతుంది.

ఆ గురువారం ఆమె లీలండ్‌కి బంగాళదుంప ముద్ద తినిపిస్తూ కిటికీలోంచి బయటికి చూసింది. కింద బండ్ల వరసలో గుడ్డ సంచి కనిపించింది. ఎల్వుడ్ ట్రాస్క్ అటూ ఇటూ చూసి ఒక బండి సీటు ఎత్తాడు. అది వెల్డా బండి.

చెంచా కంచంలో వదిలేసి ఆమె కిందికి దిగింది.

"ఏం చేస్తున్నారు మిస్టర్ ట్రాస్క్?"

ఆయన చేతిలోంచి సీటు దబ్బున పడింది. పొడుగాటి మనిషి. చెంపలు ఎర్రబడ్డాయి.

"ఏం లేదు మేడమ్. ఊరికే చూస్తున్నా."

"ఏం చూస్తున్నారు?"

"నీళ్ళు. బ్యాటరీల్లో నీళ్ళున్నాయా అని."

"నా బ్యాటరీల్లో నీళ్ళు నేను పోసుకుంటాను."

"అవును మేడమ్." ఏదో తీగలాంటిది గబగబా సంచిలో తోసేశాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఓ మాట అడగనా? బండి ఈ మధ్య నెమ్మదించిందా?"

నెమ్మదించింది. వారం రోజులుగా సొరంగం అవతలి ఎత్తు మీద పాకుతున్నట్టు వెళ్తోంది. ఆ సంగతి ఆమె ట్రూడీకి కూడా చెప్పలేదు. మరి ఈయనకెలా తెలిసింది?

"లేదు," అంది వెల్డా.

"ఒక్క పూట ఇస్తే ఆ లైట్ల వైర్లు మార్చి కడతా. డబ్బక్కర్లేదు."

ఊరికే చేస్తాననడంతో ఆమె అనుమానం ఇంకాస్త ముదిరింది. ఆయన దారి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసి, అప్పుడు పైకి వెళ్ళింది. లీలండ్ నోటి చివర ముద్ద ఎండిపోయి ఉంది.

ఆ సాయంత్రమే ఇంటికి తిరిగొస్తుంటే బండి ఆగిపోయింది. సొరంగం దాటి ఎత్తు సగం ఎక్కాక ఒక్క మూలుగు మూలిగి నిలిచిపోయింది. చిత్రమేమిటంటే ముందు లైట్లు రెండూ బాగానే వెలుగుతున్నాయి. ఆ వెలుగులో గడ్డి పరకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఎవరో భార్యాభర్తలు వెనకే వచ్చి, తాడు కట్టి, ఇంటిదాకా లాక్కొచ్చారు.

"సీటెత్తాడు, ఆ పూటే ఆగింది," అంది ట్రూడీ, మర్నాడు తన బండిలో వెల్డాని మాగ్నోలియా హౌస్‌కి తీసుకెళ్తూ. "ఇంకా ఏం కావాలి సాక్ష్యం?"

"నీళ్ళు చూస్తున్నానన్నాడు."

"దొంగ ఎవడైనా నీ వెండి గిన్నెలు చూస్తున్నానంటాడా? ఇదిగో, మంగళవారం దాకా తీసుకెళ్తాను గానీ తర్వాత నా వల్ల కాదు. కోరస్ రిహార్సల్స్ ఉన్నాయి."

బండ్ల షాపు మనిషి శనివారం వచ్చాడు. సీటెత్తి, మీటరు ముల్లు ఒక్కో బ్యాటరీకీ ఆనించి చూశాడు. ఆరు బ్యాటరీలు, ఒక్కోటీ ఆరు వోల్టులది. నాలుగు బాగున్నాయి. ఒక చివరనున్న రెండు మాత్రం కిందికి జారిపోయాయి.

"ఈ రెండింటి మీద లైట్లు కట్టింది ఎవరమ్మా?"

"ఒకాయన."

"ఆ ఒకాయనే చంపాడు వీటిని," అన్నాడు అతను మీటరు తీగలు చుట్టేస్తూ. "ఆరూ మార్చాల్సిందే. కానీ ఇప్పుడు కాదు. క్రిస్మస్ పరేడ్‌కి ఊళ్ళో ప్రతి బండికీ దీపాలు కట్టాలి, ఊపిరాడ్డం లేదు. మూడు వారాలు పడుతుంది."

మూడు వారాలు. పది రోజులకే లీలండ్ కాలరు ఎంత వదులైందో వెల్డా కళ్ళకి కట్టింది. ఆమె తలుపు తాళం వేసి, ఎల్వుడ్ ఇంటికి బయల్దేరింది, నడిచి. దారిలో నలుగురు బండి ఆపి అడిగారు: "ఏమైంది? ఒంట్లో బాలేదా? బండేదీ?" అయిదో ఆయన అడగలేదు గానీ, వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఏదో తప్పు చేసినట్టు ఆమె తల వంచుకుని నడిచింది.

ఎల్వుడ్ గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల ఒక బండి కొయ్యదిమ్మల మీద నిలబెట్టి ఉంది. సీటు లేదు. సీటు కింద బ్యాటరీలుండే చోట ఆరు చదరపు గుంటలు, ఖాళీగా. వెనక గోడకి ఒక కాగితం అంటించి ఉంది. దాని నిండా పేర్లు. చాలా పేర్ల మీద గీత కొట్టేసి ఉంది. అన్నింటికన్నా పైన, చుట్టూ సున్నా చుట్టి, వెల్డా పేరు.

 అయినా ఆమె వెనక్కి తిరగలేదు.

"నా పేరు ఇక్కడెందుకుంది?"

ఎల్వుడ్ బల్ల దగ్గర ఏదో గీకుతూ ఉలిక్కిపడ్డాడు. "మేడమ్! రండి, కూర్చోండి."

"కూర్చోను. ఈ గీత కొట్టేసినవాళ్ళందరూ ఎవరు? బండ్లు చచ్చినవాళ్ళా?"

"కాదు మేడమ్. నేను బండి సరిచేసి పెట్టినవాళ్ళు."

"మీ బావమరిదికి బ్యాటరీల కొట్టుందట కదా."

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "నాకు బావమరిదెక్కడ? నా భార్య ఐరిస్ ఒక్కతే కూతురు వాళ్ళింట్లో. నాకు అక్కచెల్లెళ్ళే లేరు. ఏ కొట్టు?"

ఏ కొట్టో వెల్డాకీ తెలీదు. ట్రూడీకి కూడా తెలిసుండదని అప్పుడే తోచింది ఆమెకి. కానీ ఆ ఒక్క దానితో లొంగిపోయే మనిషి కాదు.

"షాపతను చెప్పాడు. మీరే చంపారట."

ఎల్వుడ్ చేతిలోని పట్టకారు బల్ల మీద పెట్టాడు. 

"అవును," అన్నాడు. "నేనే."

ఆమె ఈ జవాబు అనుకోలేదు. కాదంటాడనీ, గట్టిగా అడగాలనీ దారంతా మాటలు కూడగట్టుకుని వచ్చింది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేశా మేడమ్, ఇండియానాలో. చలిలో తెల్లారగట్ట ఒక్క బస్సు కూడా మొరాయించకూడదు. పాత బస్సుల్లో రెండే బ్యాటరీలు, ఆరు వోల్టులవి. రెండూ కలిపితే పన్నెండు. దీపాలన్నీ పన్నెండుకే. ఇక్కడికొచ్చాక ఐరిస్ పరేడ్‌కి దీపాలు కట్టమంది. సీటెత్తి చూస్తే ఇవీ ఆరు వోల్టులవే. రెండింటికి తీగ తగిలిస్తే పన్నెండు. ఇంత సులువా అనుకున్నా."

"అందులో తప్పేముంది?"

"బస్సులో ఉన్నవే రెండు. పనంతా ఆ రెండూ పంచుకుంటాయి. ఇక్కడ ఆరున్నాయి. బండి లాగడం ఆరూ చేస్తాయి. దీపాల పని మాత్రం ఆ రెండింటి నెత్తినే పెట్టా. రాత్రి చార్జరు పెడతారా, అది ఆరింటికీ ఒకే గరిటెతో సమానంగా వడ్డిస్తుంది. పనెక్కువ చేసిన రెండూ ఆకలితోనే లేస్తాయి. మిగతా నాలుగూ అజీర్తి చేసి నీళ్ళు మరిగించుకుంటాయి. రోజూ ఇదే వరస. దీపాలు ఆఖరిదాకా వెలుగుతూనే ఉంటాయి, కాబట్టి దీపాల మీద ఎవరికీ అనుమానం రాదు. నాకూ రాలేదు. నా బండిలో రెండు పోతే కొత్తవి వేశా. మళ్ళీ అదే చోట, అవే రెండు పోయాయి. అప్పుడు కూర్చుని ఆలోచించా."

"మరి అందరికీ చెప్పొచ్చుగా."

"ఆయన బండికీ నేనే లైట్లు కట్టా, హార్లన్ పేజ్‌కి చెప్పా మొట్టమొదట. కాఫీల దగ్గర, అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. ఊరి కమిటీకి రాశాడు. ఇంకొక్క ఫిర్యాదొస్తే నేను ఏ బండీ ముట్టుకోకూడదని ఉత్తరం వచ్చింది. ముట్టుకోకపోతే మిగతావి ఎవరు సరిచేస్తారు మేడమ్? షాపుకి తీరికేదీ?" ఆయన గోడ వైపు చూశాడు. "సరిచేయాలంటే ఓ పెట్టె కావాలి. నా బండికి బ్యాటరీలు కొనాల్సిన డబ్బుతో పోస్టులో ఒకటొకటిగా తెప్పిస్తున్నా. ఎవరి బండి ముందు పోయేలా ఉందో చూసి వాళ్ళ దగ్గరికెళ్తున్నా. మీరు రోజూ చీకట్లో వస్తున్నారని విన్నాక మీ పేరు పైకి తెచ్చా."

వెల్డా ఆయన మొహంలోకి తేరిపార చూసింది. మాటలు అతికినట్టే ఉన్నాయి. మరీ అతికినట్టు ఉన్నాయనిపించింది. అడగకుండా వచ్చి, దొంగచాటుగా సీటెత్తి, ఇప్పుడు పెట్టె అంటున్నాడు. ఆ పెట్టె ఇంకేం చేస్తుందో!

"సరే, చెయ్యండి," అంది. "మా ఇంట్లో, నా కళ్ళెదురుగా. నేను లేనప్పుడు మీరు సీటు మీద చెయ్యి వేయకూడదు."

"అలాగే మేడమ్."

ఆదివారం పొద్దున్నే ఆయన నడిచి వచ్చాడు. వెల్డా మడత కుర్చీ వేసుకుని బండికి మూరెడు దూరంలో కూర్చుంది. ఎల్వుడ్ వేలి ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ముందు తన పాత తీగ విప్పాడు. దానికి నల్ల గుడ్డ టేపు నీటుగా, చుట్టు మీద చుట్టు పడకుండా చుట్టి ఉంది. అది అరచేతిలో పెట్టుకుని కొంచెంసేపు చూశాడు.

"మంచి పనిలాగే ఉంది కదూ," అన్నాడు.

వెల్డా కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

పెట్టె ఇటుకలో సగం ఉంది. దాని ఒక తీగ మొదటి బ్యాటరీకి, ఇంకో తీగ ఆరో దానికి తగిలించాడు. మధ్యలో ఫ్యూజు పెట్టాడు. ఆరింటి బలమూ పెట్టెలోకి వెళ్తుందనీ, పెట్టె దాన్ని పన్నెండుకి తగ్గించి దీపాలకిస్తుందనీ చెప్పాడు. వెల్డా రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది, ఎక్కడైనా మాట మారుతుందేమో అని. మారలేదు.

ఇక నీరసించిన రెండు బ్యాటరీలకీ చిన్న చార్జరుతో విడివిడిగా తిండి పెట్టాలి. మూడు రోజులు పడుతుందన్నాడు, లేస్తాయో లేదో ప్రమాణం చేయలేనన్నాడు. ఆయన వెళ్ళాక వెల్డా కుట్టుపెట్టెలోంచి తెల్లదారం తీసి సీటు సందుకి అడ్డంగా, కనబడీ కనబడకుండా అంటించింది. ట్రూడీ బండిలో మాగ్నోలియా హౌస్‌కి వెళ్ళొచ్చి, గుమ్మం ఎక్కకుండానే దారం చూసింది. కదల్లేదు. మర్నాడూ కదల్లేదు.

పొద్దున్నే ఆయన వస్తాడు. మీటరు ముల్లు ఆనిస్తాడు. అంకె ఆయన చదవకముందే వెల్డా వంగి చదువుతుంది. మొదటి రోజు ఆరుకి తక్కువ. రెండో రోజు సరిగ్గా ఆరు. ఆ మూడు పొద్దుల్లో ఎల్వుడ్ మాట్లాడిందంతా కలిపితే పావుగంట ఉండదు. ఐరిస్ పోయి రెండేళ్ళయిందనీ, ఆవిడ బండి చుట్టూ ఆకుపచ్చ దీపాలు తప్ప ఇంకో రంగు ఒప్పుకునేది కాదనీ చెప్పాడు. ఆ దీపాలు చూసి వీధిలో ఒకరు అడిగారు, తర్వాత ఇంకొకరు. కాదనలేకపోయాడు. "ఎవరైనా తలుపు తట్టి పని చెప్తే బాగుండేది," అన్నాడు, బ్యాటరీ మూత తుడుస్తూ. "అందరికీ కట్టిపెట్టా. అందరికీ ఒకే తప్పు."

వెల్డా ఆయన చేతుల మీంచి చూపు తిప్పలేదు. చేతుల మీద పాత మచ్చలున్నాయి, ఆసిడ్‌వి. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

బుధవారం మీటరు ఆరు దాటి ఇంకో మూడు పదోవంతులు చూపించింది.

"సొరంగం దాకా వెళ్దాం," అంది వెల్డా.

"నేనూ రావాలా మేడమ్? మనల్ని ఎవరైనా చూస్తే..."

ఆమెకీ ఆ బెంగ ఉంది. అయినా, "ఆగిపోతే మీరే తోయాలి," అంది.

సాయంత్రం నాలుగున్నరకి, లైట్లూ రేడియో వేసుకుని బయల్దేరారు. ట్రూడీ కిటికీ తెర కదలడం వెల్డా చూసింది. సొరంగంలో రేడియో గరగరలాడింది. అవతలి ఎత్తు మొదలవగానే ఆమె పెడలు అడుగుదాకా తొక్కింది. బండి మూలుగుతుందని చెవులు రిక్కించి కూర్చుంది. మూలగలేదు. పైకెక్కి మాగ్నోలియా హౌస్ ముందు ఆగింది.

"థాంక్స్" అనడానికి ఆమెకింకా నోరు రాలేదు. "మీరు ఇంటికెలా వెళ్తారు?" అని మాత్రం అడిగింది.

"నడిచి."

"పైకి రండి. లీలండ్ తినేసరికి ముప్పావుగంట పడుతుంది. తర్వాత దింపుతాను."

ఎల్వుడ్ గది మూల స్టూలు మీద, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట లీలండ్ బంగాళదుంపా, మెత్తటి మాంసం ముక్కా, ఆపిల్ గుజ్జూ అన్నీ తిన్నాడు. మధ్యలో ఒకసారి స్టూలు మీది మనిషిని చూసి, "బస్సొచ్చిందా?" అని అడిగాడు.

"ఇంకా టైముంది సార్," అన్నాడు ఎల్వుడ్. "నిదానంగా తినండి."

డిసెంబరు రెండో శనివారం పరేడ్. బండ్లన్నీ దీపాల గుత్తుల్లా సొరంగం వైపు సాగాయి. ట్రూడీ బండికి వెయ్యి దీపాలు, పైన జింక కొమ్ములు, వెనక పాడే శాంటా బొమ్మ. అది సరిగ్గా సొరంగం మూతి దగ్గర ఆగిపోయింది. శాంటా పాడుతూనే ఉన్నాడు, కొమ్ములు వెలుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం అంగుళం కదల్లేదు. వెనక హారన్లు మోగాయి.

లీలండ్‌కి తినిపించి వస్తున్న వెల్డా తన బండి పక్కన ఆపి తాడు తీసింది.

"చూశావా!" అంది ట్రూడీ, తను తగిలించుకున్న ఎర్ర జింక ముక్కు సర్దుకుంటూ. "ఆ ట్రాస్క్ పనే ఇది. నాకు తెలుసు."

"నీ సీటుకి తాళం ఉందిగా ట్రూడీ."

"ఉంది!"

"మరి ఆయన ఎప్పుడు ఎత్తాడు?"

ట్రూడీ సీటు తాళం లాగి చూసింది. "తాళాలు తియ్యడం కూడా వచ్చేమో ఎవరికి తెలుసు? నువ్వేమిటి ఈ మధ్య ఆయన్ని వెనకేసుకొస్తున్నావు? బండిలో కూడా తిప్పుతున్నావట."

ఆ రాత్రి నుంచి ఊళ్ళో ఇంకో కొత్త మాట పుట్టింది, వెల్డా గురించి. పాత మాట కూడా ఎక్కడికీ పోలేదు.

ఆ నెలలో హెరాన్ లేక్స్‌లో దారి మధ్య ఆగిపోయిన బండ్లు మూడు. ఎల్వుడ్ గోడ మీది కాగితంలో గీత పడకుండా మిగిలిన పేర్లూ మూడే. బండ్లు ఆగకముందే ఆ ముగ్గురి తలుపూ ఆయన తట్టాడు. ముగ్గురూ సీటు ఎత్తనివ్వలేదు.